'ఏం చెయ్యదమ్మా, ఇంట్లోనే ఉంటుంది!'

పోయిన నెల బ్యాంకుకి వెళ్ళాం. ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు, సంతకాలు... ఎన్నిసార్లు ఇచ్చినా మళ్ళీ అడుగుతూనే ఉంటారు కదా! కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లోంచి తలెత్తకుండానే "మేడమ్ ఏం చేస్తుంటారు?" అంది. నేను నోరు తెరిచేలోపే మా వారు అందుకున్నారు.

"ఏం చెయ్యదమ్మా, ఇంట్లోనే ఉంటుంది."

ఆ రోజు కుళాయి నీళ్ళ కోసం తెల్లవారుజామున నాలుగున్నరకే లేచాను. పనమ్మాయి రాలేదు. మావయ్యగారికి ఉప్పు తక్కువ కూర, పిల్లాడికి క్యారేజీలోకి వేపుడు, అత్తయ్యగారి మాత్రలు, అరిగిన గిన్నెలన్నీ తోమడం, గ్యాసు బండ వస్తే తూకం చూసి తీసుకోవడం... ఇవన్నీ అయ్యాకే 'ఏం చెయ్యని' నేను చీర మార్చుకుని బ్యాంకుకి బయల్దేరాను.

మా వారు చెడ్డవారేం కాదు. వెటకారంగా అన్న మాటా కాదు. వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పారు. నాకు గుచ్చుకుంది అదే. వెటకారమైతే ఎదురు సమాధానం చెప్పి ఊరుకుందును!

ఇంటికొచ్చి బీరువాలో చీరల కింద దాచుకున్న పేపరు ముక్కలు తీశాను. మా ఇంట్లో పేపరు నాదాకా వచ్చేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. మొదటి పేజీ మావయ్యగారిది, ఆటల పేజీ మా అబ్బాయిది. చివర్న వచ్చేది నాకే కాబట్టి కత్తిరించుకున్నా అడిగేవాళ్ళుండరు, అదొక్కటే లాభం.

అందులో ఒకటి 2025 ఫిబ్రవరిది. జనం రోజంతా దేనికెంత సమయం వెచ్చిస్తున్నారని కేంద్ర ప్రభుత్వం 2024లో సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు ఇస్తున్నారట. మగవాళ్ళయితే 88 నిమిషాలు. అదీ మగవాళ్ళందరి సగటు కాదు సుమా, అసలంటూ ఇంటిపనిలో చెయ్యి పెట్టేవాళ్ళది మాత్రమే! పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం ఇందులో లేదు, దాని లెక్క వేరు.

ఈ లెక్కలు చూస్తుంటే మా తెనాలి పిన్ని గుర్తొచ్చింది.

2008లో గుడికని వెళ్ళి వస్తుంటే లారీ గుద్దేసి పిన్ని పోయింది. నష్టపరిహారం కేసులో బాబాయిని బోనెక్కించారు. బీమా కంపెనీ లాయరు "మీ ఆవిడ సంపాదన ఎంత?" అనడిగాడు. "ఏమీ లేదండీ. ఇంట్లోనే ఉండేది" అన్నాడు బాబాయి. ఆయనకి చిన్న బట్టల కొట్టుండేది. పగలంతా ఇంటి చాకిరీ చేసి, రాత్రి అందరూ పడుకున్నాక ఆ కొట్టు లెక్కలు రాసింది పిన్నే. ఎవరు ఎంత అరువు పట్టుకెళ్ళారో, ఎవరు సంక్రాంతికి ఇస్తామన్నారో, అంతా ఆవిడ నోట్లోనే ఉండేది. ఆవిడ పోయాక సగం బాకీలు వసూలు కాలేదు. రెండేళ్ళకి కొట్టే మూసేశాడు. అబద్ధం చెప్పాలని కాదు, ఆ పనికి ఒక పేరుందని ఆయనకి తోచలేదంతే.

చట్టమైనా ఏం గొప్పగా ఉంది? 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన పట్టికలో, సంపాదన లేని భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడో వంతుగా కట్టమన్నారు. అంటే కలెక్టరుగారి భార్య వంట ఖరీదు ఎక్కువా, గుమాస్తా భార్య వంట ఖరీదు తక్కువా? నిజానికి డబ్బు తక్కువున్న ఇంట్లోనే ఆడదానికి పని ఎక్కువ. వాషింగ్ మిషనూ ఉండదు, పనిమనిషీ ఉండదు!

2001 జనాభా లెక్కల్లో గృహిణుల్ని బిచ్చగాళ్ళూ ఖైదీలతో పాటు 'పనిచెయ్యనివారి' వరసలో వేశారు. ఇదేం అన్యాయమని 2010లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. ఇంకో కేసులో 2021 జనవరిలో మన తెలుగాయన జస్టిస్ ఎన్.వి.రమణ, వంట దగ్గర్నుంచి పొలంపనిలో సాయం దాకా గృహిణి చేసేవన్నీ వరసగా రాశారు. 2011 లెక్కల్లో ఇంటిపనే మా ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లనీ, మగవాళ్ళు 58 లక్షలకి లోపేననీ గుర్తుచేశారు. ఆ కాగితం ముక్క చదువుతుంటే, నిజం చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి. పిన్ని కేసప్పటికి ఈ తీర్పు ఉంటే బాగుండేది. ఉన్నా, బోనులో బాబాయి వేరేగా చెప్పేవాడా అంటే అనుమానమే.

బ్యాంకులో ఆ అమ్మాయి మాత్రం మా వారి మాట విని తలెత్తింది. "ఇంటికెళ్తే నాకూ రెండో డ్యూటీయే మేడమ్" అని నవ్వి, 'గృహిణి' అని కొట్టింది. నేను కథలు రాస్తానని చెబుదామనుకుని ఊరుకున్నా. వెనకాల క్యూ ఉంది మరి!

2021లో జరగాల్సిన జనాభా లెక్కలు వాయిదాపడి 2027కి వచ్చాయి. మొన్న సాయంత్రం మా వారిని అడిగాను, "లెక్కలవాళ్ళొచ్చి మీ ఆవిడ ఏం చేస్తుందంటే ఏం చెబుతారు?" అని.

పేపర్లోంచి తలెత్తి నాకేసి చూశారు. వెంటనే జవాబు రాలేదు. "ముందు కాస్త కాఫీ ఇయ్యి, ఆలోచించి చెబుతా" అన్నారు.

ఇచ్చాను. నాలుగు రోజులైంది. ఇంకా ఆలోచిస్తున్నారు.