ఉర్దూ బాలలు – ఇంగ్లీషు ప్రిపొజిషన్లు: అపోహలు, వాస్తవములు

నల్లమలకు తూర్పున నున్న మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములయందు, 1970లో ప్రకాశం జిల్లా యేర్పడువరకు కర్నూలు జిల్లాలో భాగముగా నుండిన యీ పశ్చిమసీమయందు, ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు వినుచు పెరుగు బాలబాలికలు పెక్కుమంది గలరు. మూడు భాషల నడుమ పెరుగుట భాగ్యమే గాని భారము గాదు. అయినను ఇంగ్లీషు ప్రిపొజిషన్లను గూర్చియు, పదముల యెంపికను గూర్చియు కొన్ని యపోహలు తల్లిదండ్రులలోను ఉపాధ్యాయులలోను పాతుకొని, ఆ పిల్లల ధైర్యమును హరించుచున్నవి. వానిని తొలగించుట యావశ్యకము.

అపోహ: ఉర్దూలోని ఒక్కొక్క ప్రత్యయమునకు ఇంగ్లీషులో ఒక్కొక్క ప్రిపొజిషను సమానము; పట్టికను కంఠస్థము చేసిన చాలును.

వాస్తవము: ‘సే’ అను నొక్కదానినే పరిశీలింపుడు. గిద్దలూర్ సే బయలుదేరినవానికి ‘ఫ్రమ్’, రైల్ సే వచ్చినవానికి ‘బై’, ఖలమ్ సే వ్రాయువానికి ‘విత్’, జుమే సే జ్వరపడినవానికి ‘సిన్స్’, దో సాల్ సే చదువుచున్నవానికి ‘ఫర్’, భాయీ సే పొడవైనవానికి ‘దాన్’, కుత్తే సే భయపడువానికి ‘ఆఫ్’ కావలసియున్నది. ఉర్దూలో నొక్కటి చేయు పనిని ఇంగ్లీషులో ఏడు మాటలు పంచుకొనుచుండగా, పట్టిక యేమి సాయపడగలదు? ఏ ప్రిపొజిషను రావలెనో నిర్ణయించునది తరచుగా దానితో గూడివచ్చు క్రియయో విశేషణమో యగుచున్నది. కావున ‘అఫ్రెయిడ్ ఆఫ్’, ‘డిపెండ్ ఆన్’, ‘మ్యారీడ్ టు’ అని జంటలుగనే నేర్వవలెను. హార్న్‌బీ పండితుడు సహచరులతో గూడి టోక్యోలో సిద్ధపరచగా 1942లో వెలువడి, 1948లో ఆక్స్‌ఫర్డువారిచే పునర్ముద్రితమైన విద్యార్థి నిఘంటువు, అర్థముతో తృప్తినొందక ప్రతి క్రియ యే నిర్మాణమున ప్రయోగింపబడునో చూపుటకు బూనుకొన్నది యీ కారణముననే.

అపోహ: ‘మేడ్ ఆఫ్’, ‘మేడ్ ఫ్రమ్’ – ఈ రెండింటికి భేదము లేదు.

వాస్తవము: మార్కాపురపు పలక రాతితో చేయబడినది; పలకయైన పిదపను రాయి రాయిగనే కనబడుచున్నది గనుక నక్కడ ‘ఆఫ్’. వెదురునుండి కాగితము తయారగునప్పుడు వెదురు తన రూపమును గోల్పోవును గనుక నక్కడ ‘ఫ్రమ్’. సాధారణముగ నీ భేదమే పాటింపబడుచున్నది. ఉర్దూ రెంటికిని ‘సే’ యనుటచే బాలుడు తడబడును. పలకను చేతికిచ్చి చూపినచో నిమిషములో గ్రహించును.

అపోహ: ప్రిపొజిషను చేర్చినకొలది వాక్యము నిండుగ నుండును.

వాస్తవము: ‘డిస్కస్’, ‘రీచ్’, ‘రిజెంబుల్’, ‘మ్యారీ’ వంటి క్రియలు కర్మను సూటిగ గ్రహించును. ‘కే బారే మే’ అను నలవాటుచే ‘డిస్కస్ అబౌట్’ అనుటయు, ‘సే షాదీ’ అను నలవాటుచే ‘మ్యారీ విత్’ అనుటయు దోషములు. దక్కన్ ప్రాంతపు ఉర్దూయగు దక్కనీలో ‘ఘర్‌కు’ అను ‘కు’ను వెంటబెట్టుకొని ‘గో టు హోమ్’ అనుటయు నిట్టిదే. ‘గో హోమ్’ అనవలెను.

అపోహ: ఈ తప్పులు ఉర్దూ పిల్లలకే ప్రత్యేకము, దక్కనీ మాటలాడువారికి మరియు నెక్కువ.

వాస్తవము: ఉర్దూ బాలుడు ‘ఇంతెహాన్ దేనా’ను బట్టి పరీక్షను ‘గివ్’ అనును, తెలుగు బాలుడు ‘పరీక్ష వ్రాయుట’ను బట్టి ‘రైట్’ అనును. ఇంగ్లీషువాడు విద్యార్థి విషయమున ‘టేక్’ అనియో, బ్రిటనులో ‘సిట్’ అనియో వాడును. ‘రెండేండ్లనుండి’ అను తెలుగును, ‘దో సాల్ సే’ అను ఉర్దూయు ‘సిన్స్ టూ ఇయర్స్’ అను నొకే దోషమునకు దారితీయుచున్నవి. ఉర్దూ ఆర్యకుటుంబమునకును, తెలుగు ద్రావిడకుటుంబమునకును జెందినను, రెండింటను సంబంధమును దెలుపు ప్రత్యయము సాధారణముగ నామమునకు వెనుకనే వచ్చును. వేర్వేరు కుటుంబముల భారతీయభాషలు చిరసహవాసముచే నెన్నియో లక్షణములను పంచుకొన్నవని భాషాశాస్త్రవేత్త ఎమెనో 1956లో నిరూపించియున్నాడు. ఇక హైదరాబాదును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవిత్వము చెప్పిన దక్కనీని హీనమనుట చరిత్రజ్ఞానలోపమే.

అపోహ: ప్రిపొజిషనుతో వాక్యమును ముగింపరాదు.

వాస్తవము: 1672లో డ్రైడెన్ కవి బెన్ జాన్సన్ రచనయందలి యట్టి ముగింపును దోషముగ నెంచెను, తదాదిగ నిది సూత్రమువలె వ్యాపించినది. 1926లో నిఘంటుకర్త ఫౌలర్ ఆ సూత్రమును మూఢవిశ్వాసమని ఖండించెను. ‘వేర్ ఆర్ యూ ఫ్రమ్’ అని యడుగుట సర్వథా సాధువే.

అపోహ: ఇంగ్లీషు రావలెనన్న ఇంట ఉర్దూను మానిపింపవలెను.

వాస్తవము: దోషమెచ్చట బుట్టుచున్నదో తెలిపి దానిని సరిదిద్దు సాధనము మాతృభాషయే. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రెండవ అధికారభాషగ నంగీకరించినది. అట్టి భాషను బిడ్డ నోటినుండి లాగివేయుట యన్యాయము. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఉర్దూ వాక్యమును, తెలుగు వాక్యమును, ఇంగ్లీషు వాక్యమును ఒకదాని క్రింద నొకటి వ్రాసి, మార్పెచ్చటనో పిల్లలచేతనే చెప్పించినచో, మందలింపులవలన సాధ్యముగానిది యా పోలికవలన సాధ్యమగును. అందులకు వలసినది క్రొత్త గ్రంథములు గావు, ఆ బిడ్డ యింటిభాషపై గౌరవము.