తిరుగని కండె

మగ్గము ముందు కూర్చున్న నేతగాడు నాడెను ఒక అంచునుండి మరొక అంచునకు విసరినప్పుడు, దాని కడుపులోని కండె తాను ఇసుమంతయు తిరుగక, తన మొననుండి నూలును చుట్టువెంట చుట్టుగా జారవిడుచుచుండును. చీరాలలోనో పోచంపల్లిలోనో పెరిగినవారికి చిన్ననాటినుండి కన్నులకు అలవాటైన దృశ్యమే గనుక, ఇందులో వింత యేమున్నదని వారడుగవచ్చును. ఈ స్వల్పవిషయమునే చేపల గాలమునకు అన్వయించి, గాలమువేయువారికి శతాబ్దముల తరబడి దొరకని తేలికదనమును సంపాదించిపెట్టినవాడు, ఇంగ్లండునందు ఉన్నిబట్టలకు పేరొందిన బ్రాడ్‌ఫర్డు పట్టణపు పారిశ్రామికుడు ఆల్‌ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్. 1905లో ఆయన పేటెంటు పొందిన చిన్న యంత్రమే నేడు స్పిన్నింగ్ రీలు అను పేర ప్రపంచమంతట అమ్ముడుపోవుచున్న సాధనమునకు మూలపురుషుడు.

అంతకుముందు రీలు లేకపోలేదు. చీనాదేశమున దక్షిణ సుంగ్ రాజుల కాలమున, సుమారు 1195 ప్రాంతమున, మా యువాన్ అను చిత్రకారుడు లిఖించిన పటమొకటి కలదు. శీతకాలపు సరస్సుపై చిన్న పడవలో ఒంటరిగా ముడుచుకొని కూర్చున్న మనుష్యుని గాలపుకర్రకు ఒక చిన్న చక్రము అమర్చియుండుట అందు కనబడును. ఆ చక్రము మొదలుకొని పందొమ్మిదవ శతాబ్దపు పాశ్చాత్యుల ఇత్తడి రీళ్ళవరకు, పనితనమునందు ఎన్ని మార్పులు వచ్చినను సూత్రమొక్కటియే: బావిగిలకవలె దారపుచుట్ట తన ఇరుసుమీద తిరుగవలెను; విసరినప్పుడు, ఎగిరిపోవుచున్న ఎరయే దారమును లాగి ఆ చుట్టను త్రిప్పవలెను. నాలుగైదు గ్రాముల ఎరకు అంతటి బలమెక్కడిది? పోనీ, బరువైన ఎరనే కట్టి విసరితిమా, చుట్ట మొదట వడిగా తిరుగును. పిమ్మట గాలి అడ్డగించుటచే ఎర వేగము తగ్గినను, జడత్వమువలన చుట్ట తన వేగమును తగ్గించుకొనదు. లాగువారు లేని దారము చుట్టమీదనే వదులై పిచ్చుకగూడువలె చిక్కుపడిపోవును. బొటనవ్రేలితో చుట్టను అదుముచు ఈ రెండు వేగములను సరిపుచ్చుట ఏండ్ల సాధనచేతగాని పట్టుబడని విద్య. వచ్చినవారు దాని గొప్పతనమును చెప్పుకొనుచుందురు. రానివారు ఒడ్డున కూర్చుండి చిక్కు విప్పుకొనుచుందురు.

స్కాట్లండునందలి పెర్త్ నగరవాసియైన పీటర్ మలోక్ 1884లో ఈ చిక్కునకు సగము విరుగుడు కనిపెట్టెను. ఆయన రీలులో చుట్టను పావుచుట్టు మళ్ళించి, దాని ముఖము కర్రకొనవైపు ఉండునట్లు చేసి విసరినచో, చుట్ట కదలకయే దారము అంచుమీదుగా జారిపోవును. మరల చుట్టునప్పుడు చుట్టను యథాస్థానమునకు త్రిప్పుకొనవలెను. విసరుట సుఖమయ్యెనుగాని మరొక పీడ బయలుదేరెను. కదలని చుట్టనుండి జారునప్పుడు దారమునకు చుట్టుకొక మెలిపడును. తిరిగి చుట్టునప్పుడు అది తిన్నగా వచ్చి చేరును గనుక ఆ మెలి విడిపోదు. విసరిన కొలది పురి హెచ్చి, దారము తనలో తాను పెనవేసుకొనుచుండెను.

ఇల్లింగ్‌వర్త్ చేసినదేమనగా, విసరునప్పుడే గాక చుట్టునప్పుడుగూడ చుట్టను తిరుగనీయకుండుట. పిడి త్రిప్పినచో తిరుగునది చుట్ట కాదు. దారమును పట్టుకొని దానికి ప్రదక్షిణము చేయు ఒక చిన్న కొక్కెము. ప్రదక్షిణమునకొక మెలి దారమునకు ఎక్కును. విసరునప్పుడు జారు ప్రతి చుట్టుతో ఒక మెలి దిగును. జమయు ఖర్చును సరిపోవును. మిల్లులో పగలెల్ల కదురులను చూచిన కన్నులకుగాక మరెవరి కన్నులకు ఈ లెక్క తోచును? త్రిప్పవలసిన భారమేదియు లేదు గనుక తేలికయైన ఎరగూడ దూరము పోజొచ్చెను; ఆంగ్లేయులు ఈ వేటకు ‘థ్రెడ్‌లైన్’ అనియు, ఫ్రెంచివారు ‘లాన్సే లెజే’, అనగా తేలిక విసురు, అనియు పేరిడిరి. తేలికయన్నమాట ఆనాడు రీలు బరువును గూర్చినది కాదు, అది విసరగల ఎర బరువును గూర్చినది.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. ప్రతి విసురు తరువాత దారమును వ్రేలితో కొక్కెమునకు తగిలించు బాధను, 1932 ప్రాంతమున ఆల్న్విక్ పట్టణపు హార్డీ సంస్థవారు తమ ‘ఆల్టెక్స్’ రీలునకు అమర్చిన వంపుతీగె తొలగించెను; నేడు బెయిల్ అనబడునది అదియే. గడియారముల పనికి ప్రసిద్ధికెక్కిన ఫ్రాన్సుదేశపు క్లూజ్ పట్టణమున, కార్పానో, పోన్స్ అనువారి కర్మాగారమునుండి వెలువడిన ‘మిచెల్’ రీలు రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాను జయించెను. అయినను యంత్రమెంత మంచిదైనను, నిత్యము ఆరబెట్టనిచో చివుకు పట్టుదారముతో పని సాగలేదు. 1935లో రసాయనశాస్త్రజ్ఞుడు కారథర్స్ ప్రయోగశాలలో పుట్టిన నైలాను తీగెగా సాగిన తరువాతనే ఈ రీలునకు తగిన జత దొరికెను. నైలానులో ఒక దుర్గుణము కలదు: బలముగా లాగుచు చుట్టినప్పుడు సాగి, చుట్టపై చేరిన పిమ్మట కుంచించుకొనుచు, బలహీనమైన చుట్టను పిండి పగులగొట్టును.

ఇటీవలి వర్తకులు చాటు తేలికదనము వేరు. అది చేతిలోని బరువు. అల్యూమినియము ఘనసెంటీమీటరునకు 2.7 గ్రాములు తూగగా, మెగ్నీషియము 1.74 గ్రాములే తూగును. కర్బనపు నారలు కలిపిన ప్లాస్టిక్కు ఇంకను చవుకయైన ఉపాయము. వీనివలన సాధారణ చెరువువేటకు చాలు రీలు సుమారు రెండువందల గ్రాములకు దిగివచ్చినది. దినమంతయు నిలిచి విసరువాని మణికట్టునకు ఇది వరమే. అయినను పొడవైన కర్రకు మరీ తేలికైన రీలు తగిలించినచో కొన క్రిందికి వాలి, ఆదాచేసిన గ్రాములన్నియు మణికట్టునొప్పి రూపమున తిరిగివచ్చును. కావున రీలును తక్కెడలో గాక, కర్రకు బిగించి, పిడికిలి ముందు ఒక వ్రేలిపై నిలిపి తూచవలెను.

మంచినీటినుండి సముద్రమునకు పోవువాడు మరింత జాగ్రత్త పడవలెను. పండుగప్పవంటి చేపకు నదీముఖమున ఉప్పు తీపుల భేదము లేదుగాని, లోహమునకు కలదు. లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు గల సముద్రజలము, తాకుచున్న రెండు భిన్నలోహముల నడుమ విద్యుత్తును పుట్టించి, అందు దుర్బలమైనదానిని తినివేయును. రీళ్ళకు వాడు లోహములలో మెగ్నీషియము మిక్కిలి దుర్బలము. పైపూత గీచుకొనిపోయిన చోటనే తెల్లని పొడి బయలుదేరును. ఉభయజలములకును ఒకటే రీలు కావలెనన్నవాడు, ఇరువది ముప్పది గ్రాములు హెచ్చైనను, పూతపెట్టిన అల్యూమినియము దేహమును, నీరు చొరని మూతలును, తుప్పుపట్టని ఉక్కు బేరింగులును గలదానిని తీసికొనుట మేలు. పెట్టెపై అచ్చువేసిన బేరింగుల సంఖ్యను చూచి భ్రమపడరాదు. అది పది యైనను రెండైనను, పిడిని మెల్లగా త్రిప్పినప్పుడు పళ్ళచక్రముల గరగర చేతికి తెలిసినచో దానిని అంగడివానికే తిరిగియిచ్చుట మంచిది. రీలు పరిమాణమును తెలుపు అంకెలలో, మంచినీటికి 2500 అంకెగలదియు, తీరమునుండి విసరుటకు 4000 అంకెగలదియు సామాన్యముగా సరిపోవును. ఈ అంకెలు మాత్రము సంస్థకొక తీరుగ నుండుటయే గొప్ప చికాకు.

డ్రాగ్ అనునదియే నా దృష్టిలో రీలునకు ప్రాణము. చేప బలముగా లాగినప్పుడు, ఎన్నడును తిరుగని ఆ చుట్ట అప్పుడొక్కసారి మాత్రము, వాషర్ల ఒత్తిడి క్రింద జారుచు తిరిగి, తీగెను విడుచును. నాలుగు కిలోల బరువునకు తెగు తీగెకు దానిని ఒకటి, ఒకటింబావు కిలోకడ బిగించుట చాలును. డ్రాగ్ జారుచుండగా పిడిని గిరగిర త్రిప్పువాడు చేపను రవంతయు దగ్గరకు తేలేడు; తీగెకు మెలులు మాత్రము ఎక్కించుచుండును. ఇల్లింగ్‌వర్త్ సరిపుచ్చిన లెక్క తప్పునది ఇక్కడనే.

సముద్రమునుండి మరలిన దినమున, నీరు లోనికి చొరకుండ మొదట డ్రాగును బిగించి, పిమ్మట సన్నని ధారతో మంచినీరు పోసి కడుగవలెను. వడిగల ధార ఉప్పును కడుగుటకు బదులు లోనికి నెట్టును. నీడను ఆరబెట్టినతరువాత డ్రాగును పూర్తిగా వదులుచేసి పెట్టెలో నుంచవలెను. బిగించి యుంచినచో వాషర్లు అణగి అంటుకొనిపోయి, మరుసటి వారము పెద్దచేప తగిలిన క్షణమున జారుటకు బదులు ఒక్క కుదుపు కుదుపును, తీగె తెగును.