కస్టమర్ ఒక్కరే... లెక్కలో నలుగురు!

షాపులో ఫోన్ నంబరు. వెబ్‌సైట్‌లో ఈమెయిల్. యాప్‌లో ఇంకో పేరు. వాట్సప్‌లో మరో నంబరు. కొనేది ఒక్కరే అయినా కంప్యూటర్ లెక్కలో నలుగురు! ఆ నలుగుర్నీ ఒక్కరిగా చూపించేదే కస్టమర్ డేటా ప్లాట్‌ఫామ్... సీడీపీ. దాన్ని మొత్తంగా ఒకేచోట కొనాలా, విడిభాగాలు తెచ్చి కూర్చుకోవాలా? వ్యాపారులు తేల్చుకోవాల్సింది అదే.

నిన్ననే పూర్తి ధర పెట్టి పట్టుచీర కొన్నావిడకి, ఇవాళ అదే చీర మీద ఇరవై శాతం తగ్గింపు అని మెసేజ్ వస్తే? ఒళ్లు మండుతుంది. మెసేజ్ పంపిన ఉద్యోగికి ఆ సంగతి తెలియదు. ఎందుకంటే షాపులో బిల్లు ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉంది, ఆన్‌లైన్ ఆర్డర్లు ఇంకోదాంట్లో, మెసేజ్‌లు పంపే జాబితా మరోదాంట్లో. ఒకదానితో ఒకదానికి మాటల్లేవు.

ఈ చిక్కుముడి విప్పే సాఫ్ట్‌వేర్‌కి 2013లో అమెరికా నిపుణుడు డేవిడ్ రాబ్ 'కస్టమర్ డేటా ప్లాట్‌ఫామ్' అని పేరు పెట్టారు. అది చేసే పనులు నాలుగు. అన్నిచోట్ల నుంచీ వివరాలు సేకరించడం, ఎవరు ఎవరో పోల్చి కలపడం, కస్టమర్లను గుంపులుగా విడదీయడం, ఆ జాబితాను ఈమెయిల్, వాట్సప్, ప్రకటనల విభాగాలకు పంపడం.

బ్రాండెడా... అసెంబుల్డా?

ఒకప్పుడు ఇంటికి కంప్యూటర్ కొనాలంటే ఇదే చర్చ నడిచేది. బ్రాండెడ్ అయితే డబ్బు ఎక్కువ, కానీ చెడిపోతే ఒక్క ఫోన్ చాలు. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి అసెంబుల్ చేయించుకుంటే డబ్బు ఆదా, నచ్చిన భాగాలు వేయించుకోవచ్చు. కాకపోతే తెలిసినవాళ్లు పక్కన ఉండాలి. సీడీపీల సంగతీ ఇంచుమించు అంతే.

అడోబీ, సేల్స్‌ఫోర్స్, టీలియమ్ లాంటి సంస్థలు నాలుగు పనులూ ఒకే గొడుగు కింద చేసిపెడతాయి. ఒకటే ఒప్పందం, ఒకటే బిల్లు. ప్రోగ్రామింగ్ రాని మార్కెటింగ్ ఉద్యోగి కూడా 'ఆరు నెలలుగా రాని కస్టమర్లు' అని తెర మీద ఎంచుకుని మెసేజ్ పంపేయొచ్చు. అయితే సాధారణంగా ఈ పద్ధతిలో కస్టమర్ల వివరాలు మరో ప్రతిగా ఆ సంస్థ దగ్గరికి వెళ్తాయి. చాలా సంస్థలు కస్టమర్ల సంఖ్యను బట్టో, వాళ్లు నొక్కే ప్రతి క్లిక్కును బట్టో ఛార్జీ వేస్తాయి. ఆషాఢం సేల్‌కి జనం విరగబడితే ఆ బిల్లూ విరగబడుతుందన్నమాట!

రెండోది విడిభాగాల పద్ధతి. ఇందులో డేటా వ్యాపారి సొంత గిడ్డంగిలోనే ఉంటుంది. స్నోఫ్లేక్, గూగుల్ బిగ్‌క్వెరీ, అమెజాన్ రెడ్‌షిఫ్ట్ లాంటివి ఆ గిడ్డంగులు. సేకరించడానికి ఒక పరికరం, శుభ్రం చేయడానికి డీబీటీ లాంటిది ఇంకోటి, తయారైన జాబితాను బయటికి పంపడానికి హైటచ్ లాంటిది మరోటి. దేన్నైనా మార్చుకోవచ్చు, మిగతావి అలాగే ఉంటాయి. మరి ఇబ్బంది? నడపడానికి డేటా ఇంజినీర్లు కావాలి. గిడ్డంగిలో ప్రశ్న వేసిన ప్రతిసారీ మీటరు తిరుగుతుంది. అర్ధరాత్రి ఎక్కడో తెగిపోతే 'మా దగ్గర బాగానే ఉంది' అని ప్రతి సంస్థా పక్కవాళ్ల వైపు వేలు చూపిస్తుంది.

యజమాని మారితే?

కొనేటప్పుడు చాలామంది అడగని ప్రశ్న ఇది. ఈ రంగంలో పేరున్న సెగ్మెంట్‌ను 2020లో ట్విలియో సుమారు 320 కోట్ల డాలర్ల విలువకు కొనేసింది. ఎంపార్టికల్ 2025లో రాక్ట్ చేతికి వెళ్లింది. విడిభాగాలు అమ్మే సెన్సస్ కూడా అదే ఏడాది ఫైవ్‌ట్రాన్‌లో కలిసింది. అంటే ఏ దారి ఎంచుకున్నా యజమాని మారొచ్చు. తేడా ఎక్కడంటే... ఒక భాగం మారితే దాన్ని పీకేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. మొత్తం ఇల్లే చేతులు మారితే సామాన్లన్నీ సర్దుకోవాలి. అందుకే మొత్తంగా కొనేవాళ్లు ఒప్పందంలోనే రాయించుకోవాల్సింది ఒకటుంది: మానేసినప్పుడు డేటా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారన్నది.

చెరిపేయమంటే ఎన్నిచోట్ల?

మన దేశంలో ఈ ప్రశ్నకు ఇప్పుడు చట్టం బరువూ తోడైంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. 2025 నవంబరులో దాని నిబంధనలను నోటిఫై చేశారు. ప్రధాన బాధ్యతలకు అక్కణ్నుంచి 18 నెలల గడువిచ్చారు. తన వివరాలు సరిదిద్దమనీ, చెరిపేయమనీ అడిగే హక్కు దీనికింద కస్టమర్‌కి ఉంటుంది. డేటాను వేరే సంస్థకు అప్పగించినా బాధ్యత మాత్రం సేకరించిన వ్యాపారిదే. తగిన భద్రత పాటించక వివరాలు బయటికి పొక్కితే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు.

కాబట్టి అసలు లెక్క నెలకెంత అన్నది కాదు, డేటాకి ఎన్ని ప్రతులు ఉన్నాయన్నది. ప్రతులు పెరిగేకొద్దీ చెరపాల్సిన చోట్లు పెరుగుతాయి, కాపలా కాయాల్సిన తలుపులూ పెరుగుతాయి. విడిభాగాలతో ఆ బెడద పూర్తిగా పోతుందనుకుంటే పొరపాటే. గిడ్డంగి నుంచి వాట్సప్‌కీ ఈమెయిల్‌కీ పంపిన జాబితాలూ ప్రతులే!

ఎవరికి ఏది?

* ఇంజినీర్లు లేని చిన్న సంస్థకు, పండగలోపు పని మొదలవ్వాలనుకునేవాళ్లకు... మొత్తంగా దొరికేదే సుఖం.

* ఇప్పటికే సొంత డేటా గిడ్డంగి, దాన్ని చూసుకునే బృందం ఉన్నవాళ్లకు... విడిభాగాలు లాభం. ఉన్నదాన్నే మళ్లీ డబ్బిచ్చి ఇంకోచోట నింపడమెందుకు?

* యాప్‌లో ఉన్న కస్టమర్‌కి ఆ క్షణంలోనే ఆఫర్ చూపించాలంటే... గిడ్డంగి ఎంత వేగంగా స్పందిస్తుందో ముందే పరీక్షించాలి. గంటకోసారి నవీకరించే ఏర్పాటు అక్కడ పనికిరాదు.

* రెండు మూడు షాపులు, కొన్ని వేలమంది కస్టమర్లు మాత్రమే ఉంటే... అసలు సీడీపీయే అక్కర్లేదు. ఉన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఆన్‌లైన్ ఆర్డర్లకు కలిపితే చాలు.

ఏది కొన్నా ఒక పని మాత్రం సాఫ్ట్‌వేర్ చేసిపెట్టదు. మన దగ్గర ఇంటిల్లిపాదీ ఒకే ఫోన్ నంబరు చెబుతారు. లక్ష్మి పేరును ఇంగ్లిష్‌లో ఒకరు 'కెఎస్' వేసి రాస్తే, ఇంకొకరు 'ఎక్స్'తో రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు పొడి అక్షరంగా ఉంటే మరోచోట చివర పూర్తిగా ఉంటుంది. కస్టమర్ నంబరు చెప్పనంటే క్యాషియర్ పది తొమ్మిదులు కొట్టేస్తాడు. ఆ నంబరును ముందే పక్కన పెట్టమని చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ వాళ్లందర్నీ ఒకే మనిషిగా కలిపేయగలదు... వందల చీరలు కొన్న మహా కస్టమర్! లక్షలు పోసి ప్లాట్‌ఫామ్ కొనేముందు బిల్లు కౌంటర్లో కూర్చునేవాళ్లకు ఒక పూట శిక్షణ ఇవ్వాలి. అన్నిట్లోకీ చవకైన పెట్టుబడి అదే.