పిల్లలకు పంచదార బదులు తీపి బిళ్లలు మంచివేనా?

“సిస్టర్, మా అత్తగారికి షుగర్ ఉందని ఇంట్లో తీపి బిళ్లలు తెచ్చి పెట్టాం. పాపకేమో పళ్లు పుచ్చిపోతున్నాయి, బరువు కూడా పెరుగుతోంది. పాలలో పంచదార బదులు ఆ బిళ్లే వేయమంటారా?”

పిల్లల ఓపీలోనూ, టీకాల రోజునా తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడగడం మంచిదే. పంచదార ఎక్కువైతే బిడ్డకు చెరుపు అని తెలుసు కాబట్టే ఆ తల్లి అడుగుతోంది. అయితే షుగర్ ఉన్న పెద్దలకు డాక్టరుగారు చెప్పిన మాట ఇంట్లో పిల్లలకు కూడా సరిపోతుందని అనుకోకూడదు.

మా జవాబు ముందే చెబుతాము. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఈ బిళ్లలు, పొడులు, “షుగర్ లేని” డ్రింకులు అవసరం లేదు. బిడ్డకు కావలసినది తక్కువ తీపి. ఒక తీపి తీసేసి మరొక తీపి పెట్టడం వల్ల ఆ పని జరగదు. షుగర్ జబ్బు ఉన్న బిడ్డ సంగతి వేరు. అక్కడ ఒక ప్రాణాపాయం కూడా ఉంది కనుక దానిని విడిగా వివరిస్తాము.

ఈ తీపి పదార్థాలు ఏమిటి?

వీటిలో అన్నిటికంటే పాతది సాకరిన్. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో దీనిని కనుగొన్నారు. పంచదార కంటే సుమారు 300 రెట్లు తీపి. చిటికెడు వేస్తే బిందెడు నీళ్లు తియ్యబడతాయి, ఖర్చు కూడా చాలా తక్కువ. అందుకే చవక రకం ఐసులలో, రంగు నీళ్లలో దీనిని కలిపేవారు ఉన్నారు. ఆ తరువాత 1965లో అస్పర్టేమ్, 1976లో సుక్రలోజ్ వచ్చాయి. అస్పర్టేమ్ పంచదార కంటే సుమారు 200 రెట్లు, సుక్రలోజ్ సుమారు 600 రెట్లు తీపి. స్టీవియా అనేది మనవాళ్లు మధుపత్రి అని పిలిచే మొక్క ఆకుల నుండి తీసే తీపి.

జైలిటాల్, సార్బిటాల్, మాల్టిటాల్ అనేవి మరొక జాతి. ఇవి చూయింగ్ గమ్‌లలో, “షుగర్ లేని” బిస్కెట్లలో, చాక్లెట్లలో, కొన్ని సిరప్ మందులలో ఉంటాయి. పళ్లను పుచ్చనీయవు. కానీ ఎక్కువగా తింటే కడుపు ఉబ్బి విరేచనాలు అవుతాయి. చూయింగ్ గమ్ చిన్నపిల్లల గొంతులో అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది.

ప్యాకెట్టు మీద ఈ పేర్లు ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో ఉంటాయి. చదవలేకపోతే అంకెలు చూడండి. 950 అంటే అసిసల్ఫేమ్ పొటాషియం, 951 అస్పర్టేమ్, 954 సాకరిన్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా, 961 నియోటేమ్. ఈ అంకెలు ఎక్కడైనా రాసి పెట్టుకొని కొట్టుకు వెళ్లినప్పుడు సరిచూసుకోండి.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో ఒక సూచన చేసింది. బరువు తగ్గడం కోసం, లేదా మున్ముందు జబ్బులు రాకుండా ఉండడం కోసం ఈ తీపి పదార్థాలను వాడవద్దని దాని సారాంశం. మొక్క నుండి వచ్చిన స్టీవియా కూడా ఆ జాబితాలో ఉంది. అప్పటికే షుగర్ జబ్బు ఉన్నవారికి ఆ సూచన వర్తించదని కూడా చెప్పారు.

కారణం ఏమిటంటే, కొద్దికాలం వాడినవారిలో బరువు కొంచెం తగ్గినట్లు కనబడింది. కానీ ఏళ్ల తరబడి వాడినవారిని గమనిస్తే షుగర్, గుండె జబ్బులు ఎక్కువగానే ఉన్నాయి. అవి ఈ పదార్థాల వల్లే వచ్చాయని తేల్చలేము. లావుగా ఉన్నవారు, జబ్బు భయం ఉన్నవారే వీటిని ఎక్కువగా వాడతారు కదా. అందుకే ఆ సంస్థ కూడా దీనిని షరతులతో కూడిన సూచన అని పేర్కొంది. భయపడవలసిన పని లేదు కానీ, వాడితే మేలు జరుగుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు.

2023 జూలైలో “అస్పర్టేమ్‌తో క్యాన్సర్” అనే వార్త విని చాలామంది కంగారుపడ్డారు. అప్పుడు క్యాన్సర్ పరిశోధనా సంస్థ దానిని “బహుశా కారణం కావచ్చు” అనే వర్గంలో చేర్చింది. ఆధారాలు పరిమితంగా ఉన్నప్పుడు అలా చేరుస్తారు. అదే రోజున ఆహార నిపుణుల సంఘం రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల వరకు పరవాలేదన్న పాత పరిమితినే కొనసాగించింది.

ఈ పరిమితి పిల్లలకు ఎలా వర్తిస్తుందో చూడండి. డైట్ కూల్ డ్రింక్ డబ్బా ఒకదానిలో 200 నుండి 300 మిల్లీగ్రాముల అస్పర్టేమ్ ఉంటే, 70 కిలోల మనిషి పరిమితి దాటాలంటే 9 నుండి 14 డబ్బాలకు మించి తాగాలి. 20 కిలోల బిడ్డకు మూడు నాలుగు డబ్బాలకే పరిమితి వచ్చేస్తుంది. బిస్కెట్టు, ఐసు, డ్రింకు అన్నింటిలోనూ ఇదే ఉంటే బిడ్డ కడుపులోకి ఎంత వెళ్లిందో లెక్క పెట్టేవారు ఎవరు?

రెండేళ్లలోపు పిల్లల విషయంలో సందేహమే లేదు. 6 నుండి 23 నెలల పిల్లలకు ఈ తీపి పదార్థాలు అసలు ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే మరొక సూచనలో స్పష్టంగా చెప్పింది. ఈ వయసులో పంచదార కూడా వద్దు. బ్రిటన్‌లో 1953 వరకు చక్కెరకు రేషన్ ఉండేది. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పుట్టిన తొలి రెండేళ్లలో ఆ రేషన్ కాలం గడిపినవారికి పెద్దయ్యాక షుగర్ జబ్బు వచ్చే అవకాశం సుమారు 35 శాతం, బీపీ అవకాశం సుమారు 20 శాతం తక్కువగా ఉన్నట్లు 2024లో ప్రచురించిన ఒక పరిశోధనలో తేలింది.

మరొక జాగ్రత్త. ఫినైల్ కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు ఉన్న పిల్లలకు అస్పర్టేమ్ ఎంతమాత్రం పనికిరాదు. అది వారి మెదడుకు హాని చేస్తుంది.

షుగర్ జబ్బు ఉన్న బిడ్డ ఉంటే

పిల్లలకు ఎక్కువగా వచ్చేది టైప్ 1 షుగర్. ఇది పంచదార తినడం వల్ల రాదు. తల్లి పెంపకంలో లోపమూ కాదు. శరీరంలో ఇన్సులిన్ తయారు కాకపోవడం వల్ల వస్తుంది. రోజూ ఇన్సులిన్ ఇంజెక్షన్ తప్పదు. పుట్టినరోజుకో, పండుగకో తోటి పిల్లలతో కలిసి ఏదైనా తియ్యగా తినాలంటే డాక్టరుగారి సలహాతో ఈ తీపి పదార్థాలు కొద్దిగా వాడుకోవచ్చు.

అయితే ఇంట్లో అసలైన పంచదార మాత్రం తప్పకుండా ఉండాలి. ఎందుకో చెబుతాము. ఇన్సులిన్ మొదలుపెట్టిన తొమ్మిదేళ్ల పాప ఇంట్లో జాగ్రత్త కోసమని పంచదార డబ్బా మొత్తం తీసివేశారు. ఒక ఉదయం ఇంజెక్షన్ చేశాక టిఫిన్ ఆలస్యమైంది. పాపకు చెమటలు పట్టి, వణుకు వచ్చి, మాట తడబడింది. షుగర్ పడిపోయిందని నాయనమ్మ సరిగ్గానే గుర్తుపట్టింది. కానీ చేతికి అందిన తీపి బిళ్లలు నాలుగు నీళ్లలో కరిగించి తాగించింది. నీళ్లు తియ్యగానే ఉన్నాయి. పాప మాత్రం ఇంకా మత్తులోకి జారిపోయింది. ఆటోలో మా దగ్గరకు తెచ్చేసరికి ఫిట్స్ మొదలైంది. నరానికి గ్లూకోజు ఎక్కించాక తేరుకుంది. ఆ నాయనమ్మను మేము ఒక్క మాట అనలేదు. ఆ బిళ్లలో పంచదార ఉండదని, దానితో రక్తంలో షుగర్ పెరగదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కనుక గుర్తుంచుకోండి. ఇన్సులిన్ తీసుకునే బిడ్డకు చెమట, వణుకు, విపరీతమైన ఆకలి, చిరాకు, మత్తు కనిపిస్తే, లేదా మిషనులో షుగర్ 70 కంటే తక్కువ చూపిస్తే, వెంటనే పంచదార గాని గ్లూకోజు పొడి గాని కొద్ది నీళ్లలో కలిపి తాగించాలి. చిన్నపిల్లలకు ఒకటి రెండు టీ చెంచాలు, పెద్దపిల్లలకు రెండు మూడు. డాక్టరుగారు మీ బిడ్డకు ప్రత్యేకంగా కొలత రాసిచ్చి ఉంటే అదే పాటించండి. 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్ష చేసి, పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేని బిడ్డ నోటిలో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. బడి సంచిలో ఒక గ్లూకోజు పొట్లం పెట్టి, టీచరుగారికి కూడా చెప్పి ఉంచండి.

విరేచనాలలో తీపి బిళ్ల పనికిరాదు

ఓఆర్ఎస్‌లో గ్లూకోజు రుచి కోసం వేసినది కాదు. పేగులలో గ్లూకోజు తనతోపాటు ఉప్పును లోపలికి తీసుకుపోతుంది. ఉప్పు వెంట నీరు పోతుంది. అలా ఒంటికి నీరు పడుతుంది. లీటరు ఓఆర్ఎస్‌లో 13.5 గ్రాముల గ్లూకోజు ఉండేది ఇందుకే. గ్లూకోజు తీసేసి తీపి బిళ్ల వేస్తే ఆ పని జరగదు. ప్యాకెట్టు దొరకని సమయంలో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలపండి.

అట్టపెట్టెలలో వచ్చే తీపి పానీయాలను ఓఆర్ఎస్ అనుకొని కొనవద్దు. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ విషయమై ఏళ్ల తరబడి పోరాడారు. అటువంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.

బెల్లం, తేనె మంచివి కావా?

బెల్లం కూడా దాదాపు పంచదారంత శక్తినే ఇస్తుంది. పళ్లను కూడా అలాగే పుచ్చిస్తుంది. కొద్దిగా వాడుకోండి, కానీ మందు అనుకోవద్దు. తేనె విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాము. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్లలో ఉన్న అలవాటు. ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిబిడ్డ పేగులలో పెరిగి విషం పుట్టించి, కండరాలను చచ్చుపడేలా చేస్తుంది.

మరి తీపి ఎలా తగ్గించాలి?

ముందు లెక్క చూద్దాం. ఏడు నుండి తొమ్మిదేళ్ల బిడ్డకు రోజుకు సుమారు 1,700 క్యాలరీలు కావాలి. కలిపిన తీపి అందులో 10 శాతం మించకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. 5 శాతం అంటే 21 గ్రాములు, అంటే నాలుగు టీ చెంచాలు. ఉదయం పాలలో రెండు, సాయంత్రం పాలలో రెండు వేస్తే అక్కడికే సరి. ఒక 250 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్‌లో ఐదు చెంచాలు ఉంటాయి. పండులోనూ, పాలలోనూ సహజంగా ఉండే తీపి ఈ లెక్కలోకి రాదు. తేనె, పండ్ల రసం మాత్రం వస్తాయి.

ఒక్కసారిగా మాన్పించకండి, బిడ్డ పాలే మానేస్తుంది. పాలలో రెండు చెంచాలు వేసేవారు ఒకటిన్నర చేయండి. రెండు వారాలకు ఒకటి చేయండి. నాలుక మెల్లగా అలవాటుపడుతుంది. తీపి బిళ్ల వేస్తే ఈ అలవాటు ఎప్పటికీ రాదు, నాలుక అదే తీపిని అడుగుతూ ఉంటుంది.

బడి నుండి వచ్చే సమయానికి ఉడికించిన శనగలు, వేయించిన వేరుశెనగ పలుకులు, జామకాయ, అరటిపండు, మొక్కజొన్న పొత్తు సిద్ధంగా ఉంచండి. నాలుగేళ్లలోపు పిల్లలకు పలుకులు గొంతులో అడ్డుపడతాయి, వారికి ఇవ్వవద్దు. దాహానికి మంచినీళ్లు, మజ్జిగ. డైట్ డ్రింకులలో పంచదార లేకపోయినా వాటి పులుపు పంటి పైపొరను తినేస్తుంది. రాత్రి పడుకునే ముందు పళ్లు తోమించండి, తోమాక నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకండి. తీపిని బహుమానంగా, ఏడుపు మాన్పే మందుగా వాడకండి. పండుగనాడు ఇంట్లో చేసిన అరిసె ఒకటి పెట్టండి, సంతోషంగా తిననివ్వండి.

ఏ పదార్థంలో ఎంత పంచదార ఉందో తెలిపే బోర్డులు పెట్టమని 2025 మే నెలలో సీబీఎస్ఈ తన బడులకు చెప్పింది. మీ పిల్లల బడి ఏదైనా, అలాంటి బోర్డు ఒకటి పెట్టమని తల్లిదండ్రుల సమావేశంలో అడగండి.

మీ ఇంట్లో ఉన్న ప్యాకెట్టు మీద ఏమి రాసి ఉందో అర్థం కాకపోతే, ఈసారి టీకాకు వచ్చేటప్పుడు దానిని సంచిలో వేసుకొని రండి. పిల్లల ఓపీలో డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు చూపించండి. చదివి, అందులో ఎన్ని చెంచాల పంచదార ఉందో, ఏ తీపి పదార్థం కలిపారో మీకు వివరంగా చెబుతాము.