హంతకుడెవరో చివరి పేజీలో లేదు

మార్చి 29న మా మనవడు బడి నుంచి వచ్చి, భుజం మీద సంచీ దించకుండానే అడిగాడు: "తాతా, లక్ష్మణ నాయక్ ఆ ఫారెస్టు గార్డుని చంపాడా, చంపలేదా?"

వాడు చదివేది లమ్తపుట్‌లో, ఒడియా మీడియంలో. ఆ రోజు బడిలో లక్ష్మణ నాయక్ ఫొటోకి దండ వేసి, మాస్టారు ఆయన కథ చెప్పారట. చనిపోయిన గార్డు పేరు రామయ్య అని చెప్పేసరికి పక్క బెంచీ పిల్లోడు మావాణ్ణి మోచేత్తో పొడిచి "మీవోడే కదరా" అన్నాడట. పిల్లల మాటే. మర్నాటికి ఇద్దరూ కలిసే గోళీలాడుకున్నారు. కానీ మావాడికి ఆ మాట గుచ్చుకుంది.

"నువ్వు అన్నీ డిటెక్టివ్ పుస్తకాలే చదువుతావు కదా, కనిపెట్టు" అన్నాడు.

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది. "ఏటండీ, ఇన్నాళ్ళకి మీకు కేసొచ్చింది" అని.

థ్రిల్లర్లు గొప్పవా, చరిత్ర పుస్తకాలు గొప్పవా, మీ అభిప్రాయం రాయండని మన పత్రికవాళ్ళు అంతకు నెల ముందే అడిగి ఉన్నారు. ఏం రాయాలో తోచక ఊరుకున్నాను. మనవడు అడిగాక తోచింది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ముందు డిటెక్టివ్ పుస్తకాల సంగతి. మిల్లులో పని చేసినన్నాళ్ళూ నాకు చదువు నేర్పినవి అవే. నైట్ షిఫ్టు దిగి వచ్చాక నిద్ర పట్టదు, అది మన కాలనీలో అందరికీ తెలిసిన బాధే. కొంతమంది పేకాటకి పోయేవారు. నేను అద్దె పుస్తకాల బడ్డీకి పోయేవాణ్ణి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు నాకు చుట్టాలకంటే ఎక్కువ. తర్వాత మధుబాబు గారి షాడో వచ్చాడు. వీక్లీల్లో యండమూరి, మల్లాది సీరియల్స్ వచ్చినప్పుడు ఒక కాపీ నలుగురి చేతులు మారి, అట్ట ఊడిపోయి మళ్ళీ మా ఇంటికి చేరేది.

వాటిని చవకబారు పుస్తకాలంటారు. కాగితం వరకూ ఆ మాట నిజమే. అమెరికాలో ఇలాంటి కథలకి పల్ప్ అని పేరు రావడానికి కారణం కథ కాదు, కాగితం. తక్కువ రకం చెక్క గుజ్జుతో చేసిన కాగితం మీద అచ్చేసేవారు కాబట్టి ఆ పేరొచ్చింది. ఆ కాగితం ఎందుకు పసుపెక్కుతుందో మనవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. లిగ్నిన్ తీయకుండా చెక్కని నూరి గుజ్జు చేస్తే అంతే. ఎండ తగిలితే నాలుగు నెలలకే రంగు మారుతుంది. చరిత్ర పుస్తకాలు మంచి తెల్ల కాగితం మీద వస్తాయి. అయితే కాగితం తెల్లగా ఉన్నంత మాత్రాన లోపలిదంతా నిజమని కాదు, పసుపైనంత మాత్రాన అబద్ధమనీ కాదు. ఈ మాట మిల్లు మనిషిగా చెప్తున్నాను.

మంచి డిటెక్టివ్ పుస్తకానికి ఒక ధర్మం ఉంది. ఆధారాలన్నీ పాఠకుడి కళ్ళ ముందే పెట్టాలి. అన్నీ పెట్టి కూడా మనల్ని ఓడించాలి. అప్పుడే మనం "అరే, ఇది ముందే చెప్పాడు కదా" అని నుదురు కొట్టుకుంటాం. రెండొందల పేజీలు తిప్పించి, చివరికి హంతకుడు హీరో కవల తమ్ముడంటే అది మోసం. అలాంటివి బోలెడు చదివాను, చదివినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంకొక ఫిర్యాదు కూడా ఉంది, ఇది పెద్దది. మన థ్రిల్లర్లలో చాలావాటికి ఏజెన్సీ కొండలంటే చేతబడి, నరబలి, నల్ల దుప్పటి కప్పుకున్న మంత్రగాడు. కుర్రతనంలో నేనూ ఒళ్ళు జలదరించి చదివాను. లమ్తపుట్ సంతలో గదబ ఆడవాళ్ళు కూర్చుని అల్లం, పసుపు అమ్ముతుంటే, వాళ్ళ పక్కన నిలబడి బేరమాడాక ఆ పుస్తకాలు మళ్ళీ తెరవాలనిపించలేదు. కెరాంగ్ గుడ్డ నేసి, ధెంసా ఆడి, పండక్కి మనల్ని భోజనానికి పిలిచే మనుషులు వీళ్ళు. రాసినవాడు ఒక్కసారైనా ఈ కొండెక్కి ఉంటే అలా రాసేవాడా?

ఇక చరిత్ర పుస్తకాలు. మొదట్లో నాకు పడేవి కావు. రాజు, వాడి కొడుకు, వాడి యుద్ధం, వాడి చావు. పరీక్షకి బట్టీ పట్టినట్టుండేది. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' చేతికొచ్చాక నా అభిప్రాయం మారింది. మనవాళ్ళు ఏం తినేవారు, ఏం కట్టేవారు, ఏ ఆటలాడేవారు, ఏ మొక్కులు మొక్కేవారు అన్నీ అందులో ఉన్నాయి. ఇవన్నీ ఆయన ఎక్కడ పట్టుకున్నారంటే పాత కావ్యాల్లో, సామెతల్లో, చాటువుల్లో. కవి ఏదో వర్ణిస్తూ యథాలాపంగా ఒక పిండివంట పేరు చెప్తే, ఆయన దాన్ని ఆధారం కింద రాసిపెట్టుకున్నారు. అచ్చం యుగంధర్ సిగరెట్ పీక ఏరినట్టే! చరిత్ర రాసేవాడు కూడా డిటెక్టివేనని నాకు తెలిసింది అప్పుడే.

మన జిల్లావాళ్ళకి నచ్చే సంగతి ఇంకొకటి. కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డులు మొదలైన 1955లో తెలుగుకి వచ్చిన అవార్డు ఈ పుస్తకానికే. అప్పటికి రెండేళ్ళ క్రితమే సురవరం వారు కన్నుమూశారు. అదే ఏడు ఒడియా అవార్డు గోపీనాథ్ మహంతి గారి 'అమృతర సంతాన్'కి వచ్చింది. అది మన కొండల్లోని కంధల జీవితం మీద నవల. మహంతి గారు సర్కారు ఉద్యోగం మీద కోరాపుట్‌లో తిరిగి రాసిన మనిషి. ఒకటి మన భాష పుస్తకం, ఒకటి మన ఊళ్ళ పుస్తకం, రెండూ ఒకే ఏడాది గౌరవం పొందాయి. మచ్‌కుండ్‌లో కరెంటు పుట్టింది కూడా ఆ 1955లోనే.

చరిత్ర పుస్తకాల మీద నా ఫిర్యాదు ఏమిటంటే, తెలుగువాటిలో మన ప్రాంతం ఒక పేరాలో అయిపోతుంది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు, సైన్సు కాలేజీకి ఆయన పేరు పెట్టారు, అక్కడితో సరి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా. ఆ తేదీ తర్వాత తెలుగు పుస్తకాలు మనల్ని వదిలేశాయి. అటు ఒడియా పుస్తకాల్లో తెలుగువాడు షావుకారుగానో, గుమాస్తాగానో, గార్డుగానో పక్కనుంచి నడిచిపోతాడు. మనవడికి గుచ్చుకున్న ముల్లు అక్కడే ఉంది.

ఇప్పుడు కేసుకి వద్దాం.

1942 ఆగస్టు. క్విట్ ఇండియా రోజులు. తెంతులిగుమ్మ గ్రామానికి చెందిన లక్ష్మణ నాయక్ భూమియా తెగ మనిషి, కాంగ్రెస్ కార్యకర్త. ఆగస్టు 21న జనాన్ని వెంటబెట్టుకుని మథిలి పోలీస్ స్టేషన్ మీదికి ఊరేగింపుగా వెళ్ళాడు. మథిలి ఇప్పుడు మల్కన్‌గిరి జిల్లాలో ఉంది, అప్పుడు కోరాపుట్ జిల్లాయే. పోలీసులు లాఠీలు ఎత్తారు, కాల్పులు జరిపారు. జనం చచ్చిపోయారు. ఆ గొడవలోనే రామయ్య అనే ఫారెస్టు గార్డు కూడా చనిపోయాడు. ఆ చావుకి లక్ష్మణ నాయక్ మీద హత్య కేసు పెట్టారు. ఉరిశిక్ష పడింది. 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. ఈనాడు కోరాపుట్ మెడికల్ కాలేజీకి ఆయన పేరే.

ఇది యుగంధర్ చేతికొస్తే ఏం చేస్తాడు? నాకు తెలిసినంతలో నాలుగు ప్రశ్నలు వేస్తాడు. కొట్టడం కళ్ళారా చూసిందెవరు? ఆ సాక్షికి జీతం ఎవరిస్తున్నారు? అంత తొక్కిసలాటలో, తుపాకులు పేలుతుండగా, ఏ దెబ్బ ఎవరిదో ఎలా తెలిసింది? ఈ మనిషి ఉరికంబం ఎక్కితే లాభం ఎవరికి?

చివరి ప్రశ్నకి జవాబు తేలికే. కొండజనం వెనక నడిచే నాయకుడు లేకుండా పోవడం ఆనాటి సర్కారుకి లాభం. అందుకే ఈ కేసు గురించి రాసినవాళ్ళలో ఎక్కువమంది ఆయన్ని అన్యాయంగా ఇరికించారనే రాశారు. నా నమ్మకమూ అదే. ఇంకో సంగతి చూడండి: కాల్పుల్లో ఎంతమంది పోయారన్న లెక్క ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ కలవదు. గార్డు ఒక్కడి చావుకి కోర్టు, సాక్షులు, తీర్పు, ఉరితాడు. జనం చావులకి సరైన లెక్క కూడా లేదు. ఎవరి చావుని కాగితం మీద పెట్టారు, ఎవరిది పెట్టలేదు అన్నదే ఈ కేసులో నాకు దొరికిన పెద్ద ఆధారం.

కానీ థ్రిల్లర్‌లో అయితే చివరి పేజీలో యుగంధర్ అందర్నీ గదిలో కూర్చోబెట్టి "అసలు హంతకుడు ఇతనే" అని వేలు చూపిస్తాడు. మథిలికి ఆ చివరి పేజీ లేదు. రామయ్యని ఎవరు కొట్టారో ఖాయంగా వేలు చూపించలేం. చరిత్ర పుస్తకంలో నాకు కష్టంగా తోచేది ఇదే, గౌరవంగా తోచేదీ ఇదే. తెలియనిచోట ఆగిపోయే పుస్తకమే మంచి చరిత్ర. తెలియనిచోట కవల తమ్ముణ్ణి పుట్టించేది చెడ్డ చరిత్ర. ఈ మధ్య ఫోన్లలో వచ్చే "మనవాళ్ళ ఘన చరిత్ర" మెసేజీల్లో నాకు కనిపించేవాళ్ళు ఆ కవల తమ్ముళ్ళే. థ్రిల్లర్ అబద్ధం ఆడితే అద్దె డబ్బులు పోతాయి. చరిత్ర అబద్ధం ఆడితే బడిలో ఒక పిల్లోడు ఇంకో పిల్లోణ్ణి మోచేత్తో పొడుస్తాడు.

ఇంగ్లీషులో జోసఫీన్ టే అనే ఆవిడ 1951లో ఒక నవల రాసింది. పేరు 'ది డాటర్ ఆఫ్ టైమ్'. కాలు విరిగి ఆస్పత్రి మంచం మీద పడున్న పోలీసు ఇన్‌స్పెక్టర్, పొద్దుపోక, అయిదొందల ఏళ్ళనాటి కేసు తీస్తాడు. ఇంగ్లండు రాజు మూడో రిచర్డు తన అన్న కొడుకులిద్దర్నీ చంపించాడని లోకమంతా నమ్మింది కదా, నిజమేనా అని. పుస్తకాలు తెప్పించుకుని, ఎవరు ఎప్పుడు రాశారు, ఎవరి మెప్పు కోసం రాశారు అని ఒక్కొక్కటే విప్పుతాడు. రిచర్డుని ఓడించి గద్దెనెక్కినవాళ్ళ హయాంలో రాసినవే ఎక్కువని తేలుతుంది. ఆ ఇన్‌స్పెక్టరు చెప్పిన తీర్పుతో నిజం చరిత్రకారులు చాలామంది ఒప్పుకోరు. 2012లో లెస్టర్ ఊళ్ళో కార్లు పెట్టే చోటు కింద రిచర్డు ఎముకలు దొరికాయి గానీ, పిల్లలేమయ్యారో ఆ ఎముకలు చెప్పలేదు. అయినా ఆ పుస్తకం చేసిన మేలు ఒకటుంది. "ఇది నీకెలా తెలుసు?" అని పుస్తకాన్ని నిలదీయడం నేర్పింది.

కాబట్టి ఏవి గొప్పవి అంటే నా జవాబు ఇది. థ్రిల్లర్లు ముందు చదవండి, అనుమానించడం వస్తుంది. చరిత్ర తర్వాత చదవండి, అనుమానం తీరనప్పుడు కూడా నిలబడి ఉండడం వస్తుంది. థ్రిల్లర్‌లో శవం కథకి ఒక సాకు, మొదటి పేజీలో పడిపోతే మళ్ళీ ఎవరికీ గుర్తుండదు. చరిత్రలో శవానికి ఒక ఇల్లు ఉంటుంది.

మనవడికి కూడా ఇంచుమించు ఇదే చెప్పాను. "లక్ష్మణ నాయక్ చంపాడని నేను నమ్మను. ఎందుకు నమ్మనో నీకు చెప్పాను. రామయ్య మనోడా అంటే, మన భాష పేరే. ఫారెస్టు జీతం కోసం కొండెక్కినోడు, మీ ముత్తాత మచ్‌కుండ్ పనికొచ్చినట్టే. ఆయన్ని చూసి సిగ్గుపడక్కర్లేదు, లక్ష్మణ నాయక్‌కి దండ వెయ్యడం మానక్కర్లేదు. ఆ రోజు పోయినవాళ్ళందరూ మనోళ్ళే అనుకో."

వాడు కాసేపు ఆలోచించాడు. "మరి ముత్తాత గురించి ఏ పుస్తకంలో ఉంది?" అన్నాడు.

ఎక్కడా లేదు. మచ్‌కుండ్ రాళ్ళు మోసినవాళ్ళ గురించి, జలాపుట్ నీళ్ళు వచ్చి ఊళ్ళు వదిలినవాళ్ళ గురించి, మన మిల్లులో మొదటి రోజుల్లో వెదురు ముక్కలు ఎత్తినవాళ్ళ గురించి మన ఇళ్ళల్లో ముసలాళ్ళ నోట్లో ఉంది గానీ పుస్తకంలో లేదు. వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అందుకని ఈ వేసవి సెలవుల్లో మన పిల్లల చేత ఒక పని చేయించండి. తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి, తాతల్నీ మామ్మల్నీ అడిగి రాయమనండి. ఏ ఏడు వచ్చారు, ఎందుకొచ్చారు, మొదటి జీతం ఎంత, పక్కింట్లో ఎవరుండేవారు. తెలుగులో రాయలేకపోతే ఒడియాలో రాయనీయండి. ప్రతి మాట పక్కనా ఎవరు చెప్పారో పేరు రాయించండి. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాయమనండి.

మావాడు మొన్న ఆదివారం మొదలుపెట్టాడు. మొదటి సాక్షి మా ఆవిడే. మా పెళ్ళి ఏ ఏడో ఆవిడ ఒకటి చెప్పింది, నేను ఇంకొకటి చెప్పాను. వాడు రెండూ రాసుకుని, పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు.