'గా' ఉన్నచోటల్లా 'లీ' పెట్టేయొచ్చా?

'ఐ వర్క్ హార్డ్.' 'ఐ హార్డ్లీ వర్క్.' రెండింట్లోనూ దాదాపు అవే మాటలు. కానీ ఇంటర్వ్యూలో మొదటిది చెబితే ఉద్యోగం వచ్చే ఛాన్స్ ఉంటుంది. రెండోది చెబితే ఉన్న ఛాన్స్ కూడా పోతుంది. ఎందుకంటే మొదటిదానికి అర్థం 'నేను కష్టపడి పనిచేస్తాను' అని. రెండోదానికి 'నేను పనిచేసేది అంతంతమాత్రమే' అని!

డిగ్రీ, బీటెక్ పూర్తిచేసి ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలకు నేను స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతుంటాను. మాక్ ఇంటర్వ్యూ పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు 'సర్, ఐ విల్ వర్క్ హార్డ్లీ' అంటారు. వాళ్లకి టెన్సులు వచ్చు. పెద్దపెద్ద పదాలూ వచ్చు. దెబ్బకొట్టేవి చిన్న మాటలే. యాడ్జెక్టివ్, యాడ్వర్బ్, కంజంక్షన్ అని స్కూల్లో బట్టీపట్టి వదిలేసినవే. నేను గమనించింది ఏంటంటే, ఈ తప్పుల వెనక తెలివితక్కువతనం ఉండదు, తెలుగు లాజిక్ ఉంటుంది. అది ఇంగ్లిష్‌లో ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో తెలిస్తే సగం భయం పోతుంది.

'గా' ఎక్కడ పనిచేస్తుంది?

'అందం' అనే మాటనే తీసుకోండి. 'అందమైన ఇల్లు' అంటే ఇల్లు ఎలాంటిదో చెబుతున్నాం. అది యాడ్జెక్టివ్. 'అందంగా రాస్తుంది' అంటే రాయడం ఎలా ఉందో చెబుతున్నాం. అది యాడ్వర్బ్. ఇంగ్లిష్‌లోనూ అంతే. 'ఎ బ్యూటిఫుల్ హౌస్', 'షీ రైట్స్ బ్యూటిఫుల్లీ'. నెమ్మదిగా అంటే స్లోలీ, స్పష్టంగా అంటే క్లియర్లీ. అంటే 'గా' ఉంటే 'లీ' అనే ఫార్ములా చాలాచోట్ల కరెక్టే. ఫెయిలయ్యేది ముఖ్యంగా రెండు చోట్ల.

మొదటిది 'ఉంది' దగ్గర. 'ఆమె అందంగా ఉంది', 'టీ వేడిగా ఉంది', 'నాకు బాధగా ఉంది'. మూడింట్లోనూ మనకు 'గా' ఉంది. కానీ ఇక్కడ ఎవరూ ఏ పనీ చేయట్లేదు. మనిషి, టీ, మనసు ఎలా ఉన్నాయో చెబుతున్నామంతే. కాబట్టి ఇంగ్లిష్ యాడ్జెక్టివే అడుగుతుంది. 'షీ లుక్స్ బ్యూటిఫుల్', 'ద టీ ఈజ్ హాట్', 'ఐ ఫీల్ శాడ్'. స్మెల్, టేస్ట్, సౌండ్ కూడా ఇలా వాడినప్పుడు ఇదే బాపతు. 'ద బిర్యానీ స్మెల్స్ గుడ్' అనాలి. డౌటొస్తే ఆ క్రియ తీసేసి 'ఈజ్' పెట్టి చూడండి. 'ద బిర్యానీ ఈజ్ గుడ్' అన్నా విషయం పెద్దగా మారలేదు కదా? అయితే 'లీ' అక్కర్లేదు.

రెండోది, 'లీ'తో పేచీ ఉన్న మాటలు. 'ఎ ఫాస్ట్ బస్', 'ద బస్ గోస్ ఫాస్ట్'. రెండుచోట్లా ఫాస్ట్ అలాగే ఉంటుంది, 'ఫాస్ట్లీ' అనరు. హార్డ్, లేట్ అనేవి 'లీ' తగిలిస్తే ఏకంగా అర్థమే మార్చేసుకుంటాయి. హార్డ్లీ అంటే దాదాపు లేనట్టే. లేట్లీ అంటే ఈమధ్య. బస్ మిస్సయి ఆలస్యంగా వస్తే 'ఐ కేమ్ లేట్' అనాలి. గుడ్ అయితే పూర్తిగా వేషం మార్చి 'వెల్' అవుతుంది. 'షీ స్పీక్స్ ఇంగ్లిష్ వెల్'. ఇంకోవైపు ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ చివర్లో 'లీ' పెట్టుకుని కూడా యాడ్జెక్టివ్‌లుగానే తిరుగుతుంటాయి.

ఒక్క 'చాలా'కి రెండు మాటలు

'టీ చాలా వేడిగా ఉంది' అని మనం రెండు సందర్భాల్లో అంటాం. చలికాలం పొద్దున సంతోషంగా అంటాం. నాలుక కాలినప్పుడూ అంటాం. ఇంగ్లిష్ ఈ రెండింటినీ విడదీస్తుంది. 'వెరీ హాట్' అంటే బాగా వేడి, అంతే. 'టూ హాట్' అంటే తాగలేనంత వేడి. అందుకే 'మై టీమ్ ఈజ్ టూ బిగ్' అంటే గొప్ప చెప్పుకున్నట్టు కాదు, కంప్లైంట్ చేసినట్టు.

'టూ' వినపడగానే ఎదుటివాళ్లు 'అయితే ఏం చేశావ్?' అని ఎదురుచూస్తారు. అక్కడికి 'సో' వస్తుంది. 'ద టీ వాజ్ టూ హాట్, సో ఐ డ్రాంక్ ఇట్ స్లోలీ.' ఈ ఒక్క వాక్యంలో మూడు రకాలూ కలిసి పనిచేస్తున్నాయి. హాట్ యాడ్జెక్టివ్. దాని మోతాదు చెప్పే 'టూ' యాడ్వర్బ్. తాగిన తీరు చెప్పే 'స్లోలీ' ఇంకో యాడ్వర్బ్. కారణాన్నీ ఫలితాన్నీ ముడివేసే 'సో' కంజంక్షన్. యాడ్వర్బ్ అంటే క్రియకే అతుక్కుంటుందని చాలామంది అనుకుంటారు. యాడ్జెక్టివ్ పక్కన కూడా నిలబడుతుందని ఇక్కడ తెలుస్తుంది.

డ్రాగన్‌కి ఏది ముందు?

'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ ఏడేళ్ల వయసులో ఒక డ్రాగన్ కథ రాశాడట. అందులో 'గ్రీన్ గ్రేట్ డ్రాగన్' అని ఉంటే, అలా అనకూడదు, 'గ్రేట్ గ్రీన్ డ్రాగన్' అనాలని వాళ్లమ్మ చెప్పింది. ఎందుకో తనకి ఇప్పటికీ తెలియదని 1955లో కవి ఆడెన్‌కి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు.

ఇంగ్లిష్‌లో యాడ్జెక్టివ్‌లకి ఒక క్యూ ఉంది. మన అభిప్రాయం, సైజు, వయసు, ఆకారం, రంగు, ఎక్కడిది, దేనితో చేసింది, మామూలుగా ఈ వరసలోనే నిలబడతాయి. 'ఎ లవ్లీ న్యూ రెడ్ సిల్క్ శారీ' అంటే చెవికి ఇంపుగా ఉంటుంది. 'ఎ సిల్క్ రెడ్ న్యూ లవ్లీ శారీ' అంటే అర్థమవుతుంది కానీ, ఎక్కడో తేడా కొడుతుంది. వరస గుర్తులేకపోయినా ఫర్లేదు. రెండు యాడ్జెక్టివ్‌లు మించకుండా చూసుకుంటే తప్పు జరిగే అవకాశం తగ్గుతుంది.

ఒక్క 'ఆర్' ఖరీదు

కంజంక్షన్ల సంగతి మరీ తేలిగ్గా తీసుకుంటాం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు ఓవర్‌టైమ్ కోసం కోర్టుకెక్కారు. కొన్ని పనులు చేసేవాళ్లకి ఓవర్‌టైమ్ వర్తించదని అక్కడి చట్టంలో ఒక లిస్టు ఉంది. దాని చివర్లో 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని రాశారు. 'ఆర్' ముందు కామా లేదు. డిస్ట్రిబ్యూషన్ విడిగా ఒక పనా, లేక రెండూ కలిపి ప్యాకింగ్ గురించేనా? తాము సరుకు చేరవేస్తాం తప్ప ప్యాక్ చేయం కదా అన్నారు డ్రైవర్లు. వాక్యం అస్పష్టంగా ఉందంటూ 2017లో అప్పీల్ కోర్టు వాళ్ల వైపే మొగ్గింది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

మన దగ్గర కామా కన్నా 'ఆల్దో'తో వచ్చే ఇబ్బంది ఎక్కువ. 'ఎంత చెప్పినా కానీ వినడు' అని తెలుగులో హాయిగా అనేస్తాం. అదే అలవాటుతో 'ఆల్దో ఇట్ వాజ్ రైనింగ్, బట్ ఐ కేమ్' అంటారు. ఇంగ్లిష్‌కి ఒక ముడి చాలు. 'ఆల్దో' పెడితే 'బట్' తీసేయండి, 'బట్' కావాలంటే 'ఆల్దో' వదిలేయండి.

'బట్' తర్వాత ఏముంది?

నా క్లాసులో అందరిచేతా చేయించే ప్రాక్టీస్ ఒకటి చెబుతాను. ఈ రెండు వాక్యాలు పైకి చదవండి.

'ఐ లర్న్ క్విక్లీ, బట్ ఐ యామ్ ఎ ఫ్రెషర్.'

'ఐ యామ్ ఎ ఫ్రెషర్, బట్ ఐ లర్న్ క్విక్లీ.'

మాటలు అవే, గ్రామర్ రెండింట్లోనూ కరెక్టే. మొదటిది వింటే 'పాపం, అనుభవం లేదు' అనిపిస్తుంది. రెండోది వింటే 'త్వరగా నేర్చుకుంటాడు, తీసుకోవచ్చు' అనిపిస్తుంది. 'బట్' తర్వాత ఏది వస్తే వినేవాళ్ల మనసులో అదే మిగులుతుంది. తెలుగులోనూ అంతే కదా. 'కుర్రాడు మంచోడే కానీ...' అనగానే పెళ్లివారి మొహాలు మారిపోవడం మనకు తెలియనిదా!

ఈ రాత్రి మీరు పంపబోయే ఒక మెసేజో, మెయిలో తీసి చూడండి. 'లీ' ఉన్నచోట అది పనిని చెబుతోందా, మనిషిని చెబుతోందా? 'టూ' అన్నది నిజంగా 'మరీ ఎక్కువ' అనేనా? 'బట్' తర్వాత మీకు ప్లస్ అయ్యే మాట ఉందా, మైనస్ అయ్యే మాట ఉందా? మూడూ చూసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. ఆ తర్వాత సెండ్ నొక్కండి.