వార్తల్లో పదం: 50/50 టైరు

తారు రోడ్డు మీద, మట్టి దారిలో రెంటా నడిచే మోటార్‌సైకిల్ టైర్లను డ్యుయల్ స్పోర్ట్ టైర్లంటారు. వాటికి చెప్పే 80/20, 50/50 అంకెల్లో సాధారణంగా మొదటిది రోడ్డు వాటా, రెండోది మట్టి వాటా. ఇది ఏ ప్రభుత్వమో కొలిచి ఇచ్చిన ప్రమాణం కాదు, తయారీదారు అంచనా. అందుకే అంకె కన్నా ప్రయాణమే ముఖ్యం. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పైన్ బ్యారెన్స్ అడవుల ఇసుక బాటలకు పోవాలంటే ముందు గంటకు పైగా హైవే మీదే నడపాలి, తిరుగు దారీ అంతే. అక్కడి వార్టన్ స్టేట్ ఫారెస్ట్‌లోనూ రిజిస్ట్రేషన్, బీమా ఉన్న బండ్లకే, అదీ అనుమతించిన బాటల్లోనే ప్రవేశం. కాబట్టి టైరు పక్కభాగంలో, రోడ్డు వాడకానికి తగినదని చెప్పే డీఓటీ గుర్తు ఉండటం తొలి షరతు.

టైరు మీది రబ్బరు బ్లాకుల మధ్య ఎడం, 50/50లో లాగా, ఎక్కువుంటే ఇసుకలో పట్టు దొరుకుతుంది. అదే ఎడం వల్ల తారుకు ఆనే రబ్బరు తగ్గుతుంది. ఎత్తైన బ్లాకులు బ్రేకు వేస్తే వంగుతాయి, త్వరగా అరుగుతాయి, తడి రోడ్డుపై పట్టు సడలుతుంది. రోడ్డు టైరుతో ఇసుకలో కూరుకుపోమా అని అడగవచ్చు. ఆ ఇబ్బంది ఉన్నమాట నిజమే. కానీ గాలి కొంత తగ్గించి, నెమ్మదిగా నడిపితే చాలావరకు గట్టెక్కవచ్చు. హైవే ఎక్కేముందు మళ్లీ నింపాలి, లేకుంటే టైరు వేడెక్కి దెబ్బతింటుంది. వానలో గంటకు 65 మైళ్ల వేగంతో పోతున్నప్పుడు 50/50 టైరుతో బ్రేకు పట్టు చాలకపోతే అలాంటి ఉపాయం లేదు. తరచూ మట్టిలోనే తిరిగేవారికి 50/50 సరే. ఎడిసన్‌లో రోజూ రోడ్డెక్కి, అప్పుడప్పుడు ఇసుక తొక్కేవారికి 80/20 మేలు.